ఎగుమతులకి కొత్తగా వచ్చే చిన్న వ్యాపారాలకి మెంటరింగ్ చేస్తున్నవాళ్ళు ఎక్కడ మొదలుపెడతారు?

గవ్వలగూడు:
అందరికీ నమస్కారం. నేను చాలా కాలం ఎగుమతుల డాక్యుమెంటేషన్ పనిలో ఉన్నా, ఇప్పుడు చిన్న వ్యాపారాలకి సలహా ఇచ్చే ఒక బృందంలో చేరాను. జీతం ఏమీ లేదు, ఇష్టంతో చేస్తున్న పని. నాకు ముగ్గురిని అప్పగించారు. ఒకరు తోలు హ్యాండ్‌బ్యాగులు చేస్తారు, ఒకరు సువాసన కొవ్వొత్తులు, ఇంకొకరు చిన్న చిన్న మెషిన్ విడిభాగాలు. ముగ్గురూ మొదటి మీటింగులో అడిగింది ఒకటే, "మాకు బయటి దేశంలో ఒక బయ్యర్‌ని చూపించండి, మిగతాది మేం చూసుకుంటాం" అని.

బయ్యర్‌ని చూపించడం నాకు పెద్ద కష్టం కాదు, పాత పరిచయాలు ఉన్నాయి. కానీ మిగతాది వీళ్ళు చూసుకోగలరని నాకు అనిపించడం లేదు, ఆ మాట మొహం మీద చెబితే ఉత్సాహం చచ్చిపోతుందేమో అని కూడా ఉంది. ఈ పని ముందే చేసినవాళ్ళు, అటువైపు ఉండి మెంటర్ సాయం తీసుకున్నవాళ్ళు, మొదటి రెండు నెలలు ఏం చేయాలో చెప్పండి. పుస్తకాల్లో ఉండే లిస్టు నా దగ్గర ఉంది, నాకు కావాల్సింది మీరు నిజంగా ఏం చేస్తారన్నది.

లెక్కలమనిషి:
ధర దగ్గర మొదలుపెట్టండి గవ్వలగూడు గారు. బయ్యర్, వెబ్‌సైట్, ఎగ్జిబిషన్ అన్నీ దాని తర్వాతే. నేను మొదటి మీటింగులో ఒక తెల్ల కాగితం ఇచ్చి "మీ వస్తువు ఒకటి పోర్టు దాకా చేరేసరికి మీకు ఎంత పడుతుంది" అని అడుగుతా, పదిమందిలో తొమ్మిదిమంది స్థానికంగా అమ్మే ధర రాసి దాని మీద కొంచెం కలుపుతారు. స్థానిక ధరలో డీలర్ కమిషన్ ఉంటుంది, ఇక్కడి ప్రచారం ఖర్చు ఉంటుంది, అరువు ఇచ్చి రాబట్టుకోలేకపోయిన డబ్బు కూడా ఎక్కడో కలిసి ఉంటుంది. అవి తీసేయాలి. ఎగుమతికి మాత్రమే వచ్చే ఖర్చులు వేరే ఉంటాయి, అవి కలపాలి. ఈ రెండూ చేయకుండా వచ్చే అంకె గాలిలో దీపమే.

ఉదాహరణకి ఫ్యాక్టరీలో తయారైన బ్యాగు ఖర్చు, న్యాయమైన లాభం కలిపి 100 అనుకుందాం. ఎగుమతి ప్యాకింగ్ 4. పోర్టు దాకా రవాణా, కస్టమ్స్ పని, డాక్యుమెంట్లు కలిపి 9. బ్యాంకు చార్జీలు 2. అంటే మన వైపు 115. అక్కడినుంచి ఓడ కిరాయి 12, ఇన్సూరెన్స్ 1, మొత్తం 128. అక్కడ సుంకం 10 శాతం అనుకుంటే ఇంకో 13 దాకా, క్లియరెన్సు, గోడౌన్‌కి రవాణా 5. బయ్యర్ చేతికొచ్చేసరికి 146. అతను షాపుకి 200కి అమ్ముతాడు, షాపు 400కి పెడుతుంది. ఇవన్నీ ఊహ అంకెలే, ఒక్కో సరుకుకి ఒక్కోలా ఉంటాయి, కానీ వరస ఇదే. ఇప్పుడు ఆ దేశంలో ఇలాంటి బ్యాగు షాపులో 250కే దొరుకుతోందంటే మన 115 నిలబడదు, ఆ సంగతి ఈమెయిళ్ళు పంపకముందే తెలియాలి.

ఇంకో ముఖ్యమైన విషయం, ఆ 9లో చాలా భాగం ఒక పెట్టె పంపినా వంద పెట్టెలు పంపినా ఒకటే. చిన్న ఆర్డర్‌కి అదే 9 కాస్తా 30 అవుతుంది. అందుకే కనీస ఆర్డర్ ఎంత అన్నది బేరంలో తేల్చుకునే విషయం కాదు, ఈ కాగితం మీదే తేలాలి. మీ ముగ్గురి చేతా ఈ లెక్క వాళ్ళ చేత్తోనే రాయించండి, మీరు మాత్రం పెన్ను పట్టుకోవద్దు.

కుట్టుమిషన్:
నేను అటువైపు నుంచి చెప్తాను. మా యూనిట్‌కి మొదట వచ్చిన మెంటర్ చాలా మంచి మనిషి, చాలా తెలిసినవాడు కూడా. బయ్యర్‌కి మెయిళ్ళు ఆయనే రాసేవాడు, కొటేషన్ ఆయనే పంపేవాడు, శాంపిల్ ఏ సైజులో పంపాలో ఆయనే చెప్పేవాడు. మేం కుట్టేవాళ్ళం అంతే. తర్వాత ఆ ప్రోగ్రాం గడువు అయిపోయింది, ఆయన వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఒకరోజు బయ్యర్ నేరుగా నాకే ఫోన్ చేసి "మీరు పంపిన ధర ఏ టర్మ్ మీద, లోపలి గుడ్డ మారిస్తే ఎంత తగ్గుతుంది" అని అడిగారు. నా వ్యాపారం గురించి, నా పేరు మీద వెళ్ళిన ధర గురించి, నా దగ్గర జవాబు లేదు. ఆ నిశ్శబ్దం బయ్యర్‌కి వినపడే ఉంటుంది, మళ్ళీ ఆర్డర్ రాలేదు.

తర్వాత వచ్చిన ఆవిడ పద్ధతి వేరు. బయ్యర్‌తో వీడియో కాల్ ఉంటే నా పక్కన కెమెరాకి కనపడకుండా కూర్చునేది, ఒక్క మాట మాట్లాడేది కాదు. కాల్ అయ్యాక అరగంట అడిగేది, ఫలానా చోట ఎందుకు సరే అన్నావు, ఆ తేదీ ఎలా లెక్కేశావు అని. మొదట్లో నాకు కోపం వచ్చేది, సాయం చేయడానికి వచ్చి ఊరికే కూర్చుంటుందేంటి అని. ఇప్పుడు నా కొటేషన్లో ప్రతి అంకె ఎక్కడినుంచి వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. గవ్వలగూడు గారు, మీరు బయ్యర్‌ని చూపించకండి అని అనను, కానీ మాట్లాడేది మాత్రం వాళ్ళే అవ్వాలి.

నాలుగోమెట్టు:
నాది కొంచెం వేరే అభిప్రాయం. ఊరికే కూర్చునే మెంటర్లు అందరికీ కుదరరు. ముగ్గురు నలుగురు పనిచేసే యూనిట్‌లో ఓనరే తయారీ, ఓనరే అకౌంట్స్, ఓనరే డ్రైవరు. వాళ్ళకి లెక్చర్లు వినే టైం లేదు, మొదటి ఆర్డర్ మనం చేసి చూపిస్తే డబ్బులు కనపడతాయి, డబ్బులు కనపడ్డాక నేర్చుకునే ఓపిక వస్తుంది. అంతా నేర్చుకున్నాకే నీళ్ళలో దిగు అంటే ఎవరూ దిగరు.

కుట్టుమిషన్:
నాలుగోమెట్టు గారు, ఊరికే కూర్చోవడం కాదండి. కాల్‌కి ముందు రోజు ఆవిడే బయ్యర్‌లా నటించి నాతో గంటసేపు బేరమాడేది. చేసి చూపించడం కూడా ఉండాలి, ఒప్పుకుంటాను, కాకపోతే అసలు బయ్యర్ ముందు కాదు.

పడవప్రయాణం:
ఫార్వర్డింగ్ పనిలో, అంటే ఎగుమతి సరుకు రవాణా ఏర్పాట్లు చూసే పనిలో ఉన్నవాడిగా నాకు రోజూ కనపడేది ఇంకోటి. కొత్తవాళ్ళు అమ్మకం టర్మ్ అంటే ధర పక్కన రాసే మూడు అక్షరాలు అనుకుంటారు. ఖర్చు ఎవరిది, రిస్క్ ఎక్కడ మారుతుంది, కస్టమ్స్ ఎవరు చేయించాలి అన్నీ ఆ మూడు అక్షరాల్లోనే ఉన్నాయి. ఈ టర్మ్‌లకి అంతర్జాతీయంగా వాడే రూల్స్ ఇన్‌కోటెర్మ్స్ 2020లో మొత్తం 11 ఉన్నాయి, అందులో నాలుగు ఓడ రవాణాకి మాత్రమే పనికొస్తాయి, మిగతా ఏడు దేనికైనా వాడొచ్చు. కొత్తవాళ్ళకి మొత్తం 11 చెప్పక్కర్లేదు, నేను రెండు చివర్ల నుంచి దూరంగా ఉండమంటా.

ఒక చివర ఈఎక్స్‌డబ్ల్యూ, అంటే మా గేటు దగ్గర తీసుకుపోండి అని. అమ్మేవాడికి హాయిగా కనిపిస్తుంది. కానీ రూల్ ప్రకారం లారీకి ఎక్కించడం దగ్గర్నుంచి ఎగుమతి క్లియరెన్స్ దాకా బయ్యర్ బాధ్యతే, చాలా చోట్ల విదేశీ బయ్యర్ మన దేశంలో ఎగుమతి క్లియరెన్స్ చేయించుకోలేడు, చివరికి అది మన నెత్తి మీదకే వస్తుంది, ధరలో మాత్రం దానికి డబ్బులు ఉండవు. రెండో చివర డీడీపీ, అంటే బయ్యర్ దేశంలో సుంకాలు, పన్నులు అన్నీ మనమే కట్టి ఇంటికి చేర్చడం. అక్కడ పన్ను రిజిస్ట్రేషన్ లేకుండా ఇది ఒప్పుకుంటే కట్టిన పన్ను వెనక్కి రాదు, సరుకు కస్టమ్స్ దగ్గర ఆగితే రోజు రోజుకీ పడే డెమరేజ్, అంటే ఆగినందుకు పడే చార్జీ కూడా మనదే.

మధ్యలో ఎఫ్‌సీఏ, అంటే ఒప్పుకున్న చోట బయ్యర్ పెట్టిన రవాణావాళ్ళకి అప్పగించడం, కొత్తవాళ్ళకి బాగా కుదురుతుంది. కంటైనర్‌లో వెళ్ళే సరుకుకి అందరూ అలవాటుగా ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేదాకా మన బాధ్యత) అని రాసేస్తారు, కానీ కంటైనర్‌ని మనం టెర్మినల్‌లో అప్పగించేస్తాం, ఓడ ఎక్కేది కొన్ని రోజుల తర్వాత, ఎఫ్‌ఓబీలో ఆ మధ్య రోజుల రిస్క్ మన మీదే ఉండిపోతుంది. ఎఫ్‌సీఏ అయితే అప్పగించిన చోటే మారుతుంది. టర్మ్ పక్కన ఊరు ఒక్కటే కాదు, ఏ టెర్మినల్, ఏ గోడౌన్ అన్నది కూడా రాయాలి, చివర్న ఇన్‌కోటెర్మ్స్ 2020 అని కూడా.

సీఐఎఫ్, అంటే ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా కలిపిన ధర అడిగితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మనం ఇన్సూరెన్స్ కడతాం కాబట్టి సరుకు చేరేదాకా రిస్క్ మనదే అనుకుంటారు, కాదు, ఓడ ఎక్కగానే రిస్క్ బయ్యర్‌ది. ఆ ఇన్సూరెన్స్ కూడా కనీస కవర్ మాత్రమే, తడిస్తేనో దొంగతనం జరిగితేనో క్లెయిమ్ రాకపోవచ్చు. కొవ్వొత్తుల ఆవిడకి ఇది తప్పకుండా చెప్పండి. డెక్ మీద ఎండలో ఉన్న కంటైనర్ లోపల ఎంత వేడి ఉంటుందంటే మైనం మెత్తబడి పెట్టె అడుక్కి దిగిపోతుంది. ఏ మైనం ఎంత వేడి దగ్గర మెత్తబడుతుందో చూసుకుని, ఏ నెలలో ఏ దారిన పంపాలో ఆర్డర్ తీసుకునే ముందే ఆలోచించాలి.

తెల్లకాగితం:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నేను ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు. గుడ్డ సంచులు చేస్తాం. శాంపిళ్ళు విమానంలో పంపితే పెట్టె బరువు 9 కిలోలు ఉంటే 20 కిలోలకి బిల్లు వేశారు. ఇది మోసమా?

పడవప్రయాణం:
మోసం కాదు అండి. విమానంలో బరువు, పరిమాణం రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించండి. మీది 60, 50, 40 పెట్టె అయితే 1,20,000 వస్తుంది, 6000తో భాగిస్తే సరిగ్గా 20. కొరియర్ కంపెనీలు మామూలుగా 5000తో భాగిస్తాయి, అప్పుడు 24. అదే సంచుల్ని నొక్కి చదునుగా మడిచి ఎత్తు 20కి తెస్తే 6000 లెక్కన 10 కిలోలే. ప్యాకింగ్ అందంగా ఉండటం ఎంత ముఖ్యమో పెట్టెలో గాలి లేకుండా చూడటం అంత ముఖ్యం.

ఇంకోటి, చెక్క ప్యాలెట్లు, చెక్క పెట్టెలు వాడితే ఐఎస్‌పీఎం 15 ముద్ర చూసుకోండి, చెక్కలో పురుగులు చచ్చేలా శుద్ధి చేసినట్టు గుర్తు అది, హెచ్‌టీ అని ఉంటే లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని. ముద్ర లేని ప్యాలెట్ మీద వెళ్ళిన సరుకుని అవతలి పోర్టులో ఆపేస్తారు, లోపల సరుకు ఎంత బాగున్నా సరే. ప్లైవుడ్‌కి ఈ బాధ లేదు. కంటైనర్ అయితే లోడ్ చేశాక తూచిన మొత్తం బరువు కూడా ముందే ఇవ్వాలి, 2016 జులై నుంచి ఆ బరువు లేకుండా ఓడ ఎక్కించరు.

తెల్లకాగితం:
చాలా థాంక్స్ అండి. హెచ్‌ఎస్ కోడ్ అని ఒకటి అడుగుతున్నారు, అది ఎవరు ఇస్తారు?

గవ్వలగూడు:
ఇది నా లైన్ కాబట్టి నేనే చెప్తా. ఎవరూ ఇవ్వరు, మనమే వెతికి పెట్టుకోవాలి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన వర్గీకరణ ఇది, 1988 నుంచి అమల్లో ఉంది, మొదటి ఆరు అంకెలు దాన్ని వాడే దేశాలన్నింటిలో ఒకటే, ఆ తర్వాత అంకెలు ఏ దేశం వాళ్ళవి. ఇప్పుడు నడుస్తున్నది 2022 కూర్పు.

చిన్న తేడాకి కోడ్ మారిపోతుంది. నా తోలు బ్యాగుల ఆయన్నే తీసుకోండి. హ్యాండ్‌బ్యాగ్ బయటి భాగం తోలు అయితే 4202.21, బయట గుడ్డో ప్లాస్టిక్ షీటో ఉండి అంచులకి మాత్రం తోలు వాడితే 4202.22. చూసేవాళ్ళకి రెండూ బ్యాగులే, అవతల సుంకం మాత్రం వేరు కావొచ్చు. అనుమానం ఉంటే బయ్యర్ తన దేశ కస్టమ్స్ దగ్గర ముందస్తు నిర్ణయం రాతపూర్వకంగా తీసుకోవచ్చు, ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో ఆ సదుపాయం ఉంది. కోడ్ తెలిస్తే ట్రేడ్ మ్యాప్ సైట్‌లో ఏ దేశం ఆ సరుకుని ఎవరి దగ్గర ఎంత కొంటోందో చూడొచ్చు, జెనీవాలో ఉన్న అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం నడుపుతుంది దాన్ని. మార్కెట్ ఎంచుకోవడానికి పరిచయాల కంటే ముందు అక్కడ ఒక సాయంత్రం కూర్చోమని నేను చెప్తాను.

ఎర్రగొడుగు:
నేను ఒక దిగుమతి కంపెనీలో కొనుగోళ్ళు చూసిన మనిషిని, అందుకని బల్లకి అటువైపు నుంచి రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది.

కొత్త సప్లయర్ దగ్గర మేం మొదట చూసేది ధర కాదు. మా మెయిల్‌లో అయిదు ప్రశ్నలు ఉంటే అయిదింటికీ జవాబు వచ్చిందా లేదా చూస్తాం. చాలామంది మూడింటికి జవాబిచ్చి ఒక కేటలాగ్ అంటిస్తారు. జవాబు రాని ఆ రెండూ సాధారణంగా మాకు అన్నిటికంటే ముఖ్యమైనవే అయి ఉంటాయి, టెస్ట్ రిపోర్టు గురించో, నెలకి ఎన్ని చేయగలరు అన్నదాని గురించో. "ఈ తేదీకి కుదరదు, ఇంకో మూడు వారాలు కావాలి" అని ముందే చెప్పినవాళ్ళని మేం వదులుకోలేదు, అన్నిటికీ సరే అని చివరి వారంలో ఫోన్ ఎత్తనివాళ్ళనే వదులుకున్నాం. షాపుల్లో పండగ సీజన్‌కి పెట్టాల్సిన సరుకు పండగ అయ్యాక వస్తే సగం ధరకి కూడా ఎవరూ కొనరు.

రెండోది శాంపిల్. ఆమోదించిన శాంపిల్ రెండు ఒకేలాంటివి తయారుచేసి, రెండింటి మీదా తేదీ వేసి, సంతకం పెట్టి, ఒకటి బయ్యర్ దగ్గర, ఒకటి తయారీ చోట ఉంచాలి. గొడవ వచ్చినప్పుడు అదొక్కటే సాక్షి. ఒకసారి బ్యాగు జిప్ రంగు గురించి తగాదా వస్తే, సప్లయర్ తన దగ్గరున్న సంతకం పెట్టిన శాంపిల్‌ని కెమెరా ముందు పెట్టి పట్టీ తిప్పి చూపించాడు, లోపల మా వాళ్ళ సంతకం, తేదీ, అదే జిప్. అయిదు నిమిషాల్లో తేలిపోయింది, సప్లయర్‌కి డబ్బు మొత్తం వెళ్ళింది. శాంపిల్ అతి శ్రద్ధగా ఒక నిపుణుడి చేత చేయించి అసలు సరుకు మామూలు లైన్‌లో చేయించడం చాలాచోట్ల జరుగుతుంది, మెంటర్ దీన్ని మొదటిరోజే ఆపాలి. రోజూ చేయగలిగిందే శాంపిల్‌గా పంపాలి.

మూడోది నిబంధనలు. యూరప్‌కి తోలు పంపితే చర్మానికి తగిలే తోలులో క్రోమియం 6 అనే రసాయనం కిలోకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు, 2015 నుంచి ఉన్న రూలు. తోలు కొన్న చోటే ఆ టెస్ట్ రిపోర్టు అడగాలి, బ్యాగు తయారయ్యాక అడిగితే ఆలస్యమైపోయినట్టే. సువాసన కొవ్వొత్తులకి అక్కడ రసాయనాల లేబుల్ నిబంధనలు ఉన్నాయి, వాడిన సువాసన నూనె భద్రతా పత్రం ఆ నూనె అమ్మినవాడి దగ్గర తీసుకోకపోతే లేబుల్ మీద ఏం రాయాలో ఎవరికీ తెలియదు. గవ్వలగూడు గారు, మీ బ్యాగుల ఆయనకి, కొవ్వొత్తుల ఆవిడకి ఇవి వర్తిస్తాయి కాబట్టే ప్రత్యేకంగా రాశాను.

బ్యాంకుబల్ల:
డబ్బు రాబట్టుకోవడం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తా. బ్యాంకులో ఎగుమతి బిల్లులు చూసేవాణ్ణి, ఇప్పుడు రిటైర్ అయ్యాను.

కొత్తవాళ్ళకి ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, బయ్యర్ బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) అంటే బ్యాంకు గ్యారంటీ, ఇక డబ్బు వచ్చినట్టే అన్న నమ్మకం ఉంటుంది. ఎల్‌సీలో బ్యాంకు చూసేది సరుకుని కాదు, కాగితాల్ని. యూసీపీ 600 అనే రూల్స్ ప్రకారం నడుస్తుంది, 2007 జులై 1 నుంచి ఇవే. సరుకు బంగారంలా ఉన్నా ఎల్‌సీలో ఆఖరి షిప్‌మెంట్ తేదీ 15 అని ఉండి బీఎల్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడవాళ్ళు ఇచ్చే పత్రం) మీద 16 ఉంటే బ్యాంకు డబ్బు ఆపొచ్చు. ఇన్‌వాయిస్‌లో సరుకు వివరం ఎల్‌సీలో ఉన్నదానితో సరిపోవాలి, అక్కడ "కాటన్ లైనింగ్ ఉన్న తోలు హ్యాండ్‌బ్యాగులు" అని ఉంటే మీరు మీ కేటలాగ్ పేరు రాసుకుంటే కుదరదు. ఎల్‌సీలో వేరే గడువు చెప్పకపోతే సరుకు ఎక్కిన 21 రోజుల్లోపు కాగితాలు ఇవ్వాలి, అదీ ఎల్‌సీ గడువు దాటకుండా. బ్యాంకు చూడటానికి అయిదు పనిదినాలు తీసుకోవచ్చు. మొదటిసారి ఇచ్చిన కాగితాల్లో ఏదో ఒక తేడా దొరకడం చాలా మామూలు విషయం.

అందుకే నా సలహా ఏంటంటే ఎల్‌సీ చేతికి వచ్చినరోజే మెంటర్, ఓనరు, ఫార్వర్డర్ కూర్చుని ఒక్కో షరతు చదవాలి. చేయలేనిది ఏదైనా ఉంటే ఆ రోజే మార్చమని బయ్యర్‌ని అడగాలి, సరుకు ఓడ ఎక్కాక మీ మాటకి బలం ఉండదు. బయ్యర్ బ్యాంకు తెలియనిదైతే మీ దేశంలో బ్యాంకు చేత కన్ఫర్మ్ చేయించమనండి, అంటే డబ్బుకి ఆ బ్యాంకు కూడా పూచీ పడుతుంది, ఖర్చు ఉంటుంది, అది లెక్కలమనిషి గారి కాగితంలో చేర్చండి.

చిన్న ఆర్డర్లకి ఎల్‌సీ చార్జీలు మొయ్యలేరు. అప్పుడు 30 శాతం ముందు, మిగతా 70 శాతం బీఎల్ కాపీ చూపించాక అన్నది చాలామంది ఒప్పుకునే పద్ధతి. ఇందులో కిటుకు ఒకటి ఉంది. ఓడ బీఎల్ మామూలుగా మూడు ఒరిజినల్స్ వస్తాయి, ఏ ఒక్కటి చూపించినా సరుకు ఇచ్చేస్తారు. కాబట్టి డబ్బు పడేదాకా మూడూ మీ దగ్గరే ఉండాలి, ఒకటి ముందు పంపండి అని బయ్యర్ ఎంత మర్యాదగా అడిగినా సరే. విమానంలో పంపితే ఈ రక్షణ లేదు. విమాన సరుకుకి ఇచ్చే ఎయిర్ వేబిల్ యాజమాన్య పత్రం కాదు, దాని మీద పేరున్నవాడు వచ్చి సరుకు పట్టుకుపోతాడు. విమాన సరుకుకి అందుకే మొత్తం ముందే తీసుకోండి, లేకపోతే ఒప్పుకున్న బ్యాంకు పేరు మీద పంపండి.

నాలుగోమెట్టు:
బ్యాంకుబల్ల గారు, ఇన్ని షరతులు పెడితే మొదటి బయ్యరే పారిపోతాడు కదా. చిన్నవాళ్ళు ఎక్కడో ఒకచోట నమ్మాలి.

బ్యాంకుబల్ల:
నమ్మండి, నమ్మొద్దని ఎవరన్నారు. ఆ డబ్బు మొత్తం పోయినా వ్యాపారం మూతపడకూడదు, అంతవరకే నమ్మండి. ఎంతవరకు అన్నది ఓనరు ముందే కాగితం మీద రాసుకోవాలి, ఆర్డర్ వచ్చిన ఆనందంలో కాదు. ఇంకోటి కూడా చెప్పాలి, బయ్యర్ల పేరుతో వచ్చే మెయిళ్ళు, మన పేరుతో బయ్యర్‌కి వెళ్ళే మెయిళ్ళు, వీటిలో దొంగలు దూరి "మా బ్యాంకు ఖాతా మారింది" అని రాస్తారు. ఖాతా మారింది అన్న మాట ఏ వైపు నుంచి వచ్చినా పాత నంబరుకి ఫోన్ చేసి గొంతు విన్నాకే నమ్మాలి, ఇది మొదటి ఇన్‌వాయిస్ మీదే రాసి పంపమనండి.

లెక్కలమనిషి:
దీనికి పక్కనే ఇంకో ప్రమాదం ఉంది, పెద్ద ఆర్డర్. ముడిసరుకు తెప్పించడానికి 20 రోజులు, తయారీకి 40, బీఎల్ తేదీ నుంచి 60 రోజులకి డబ్బు అన్నారనుకోండి, మొత్తం 120 రోజులు ఓనరు జేబులోంచే జీతాలు, కరెంటు, అద్దె. లాభం కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది, మూడో నెల జీతాలకి మాత్రం చేతిలో పైసా ఉండదు. నేనైతే నెలవారీ నగదు పట్టిక వేసి, ఏ నెలలో గీత సున్నా కిందకి వెళ్తుందో ఓనరు చేతే గుర్తు పెట్టిస్తా. ఆ గీత చూశాక సగం ఆర్డర్ మాత్రమే ఒప్పుకుని మిగతా సగం మూడు నెలల తర్వాత చేస్తామని చెప్పినవాళ్ళు ఉన్నారు, బయ్యర్లు ఒప్పుకున్నారు కూడా.

కరెన్సీ సంగతి కూడా. ఖర్చు సొంత కరెన్సీలో, రాబడి వేరే కరెన్సీలో. కొటేషన్ మీద "ఈ ధర ఫలానా తేదీ వరకు" అని రాయకపోతే ఆరునెలల తర్వాత ఎవరో ఆ కాగితం పట్టుకొచ్చి ఇదే ధరకి ఇవ్వమంటారు.

ఎర్రగొడుగు:
ఎగ్జిబిషన్ల గురించి ఎవరైనా చెప్తారా, కొత్తవాళ్ళని తీసుకెళ్ళాలా వద్దా?

కుట్టుమిషన్:
స్టాల్ పెట్టడానికి కాదు, చూడటానికి తీసుకెళ్ళండి. స్టాల్‌కి డబ్బు పెట్టేశాక అడిగినవాళ్ళందరికీ విజిటింగ్ కార్డు ఇచ్చి ఇంటికొస్తాం, తర్వాత మెయిల్ రాయడానికి ధర పట్టిక కూడా ఉండదు. ఊరికే సందర్శకుల్లా వెళ్ళి మనలాంటి సరుకు పెట్టినవాళ్ళ స్టాళ్ళ ముందు నిలబడి ఏం అడుగుతున్నారో వింటే అదే పెద్ద చదువు. నన్ను ఆవిడ అలాగే తీసుకెళ్ళింది, పక్కవాళ్ళ బ్యాగు కుట్టు ఎలా ఉందో తాకి చూసిన ఆ రెండు రోజులు నాకు ఏ క్లాసులోనూ రానివి నేర్పాయి.

నాలుగోమెట్టు:
సరే, ఈ మాటకి ఒప్పుకుంటా. నేను ఇంకో విషయం ఎత్తుతా, ఎవరూ మాట్లాడనిది. మెంటర్లు కొందరు ఫార్వర్డర్ దగ్గరో, ఏజెంటు దగ్గరో, చివరికి బయ్యర్ దగ్గర కూడా కమిషన్ తీసుకుంటారు. ఓనరుకి తెలియదు. నా కళ్ళ ముందే ఒకాయన దగ్గర ఇలా జరిగింది, మెంటర్ చెప్పిన ఫార్వర్డర్ దగ్గర కిరాయి బయటకంటే ఎక్కువ ఉందని చాలా తర్వాత తెలిసింది, అప్పటికి ఆ మనిషికి ఎవరి మీదా నమ్మకం పోయింది, ఎగుమతులే మానేశాడు. గవ్వలగూడు గారు, మీ పాత పరిచయాలు అన్నారు కదా, ఆ పరిచయాల్లో మీకు ఏదైనా లాభం ఉంటే మొదటి మీటింగులోనే చెప్పేయండి. చెడ్డమనిషి అని ఎవరూ అనుకోరు, దాచిపెడితేనే అనుకుంటారు.

గవ్వలగూడు:
మంచిమాట చెప్పారు నాలుగోమెట్టు గారు, మనస్ఫూర్తిగా అంటున్నా. నాకు ఎవరి దగ్గరా ఏమీ రాదు, అది రాతపూర్వకంగా ఇస్తా. మూడు పేర్లు చెప్పి ధరలు ఓనర్లనే అడగమంటా. ఒకే సరుకు చేసే ఇద్దరిని ఒకేసారి తీసుకోనని కూడా రాస్తా, ఒకరి ధర ఇంకొకరికి నా నోటి వెంట జారకూడదు.

మీ అందరి మాటలు చదివాక నేను చేయబోయేది ఇది. తోలు బ్యాగుల ఆయనకి ధర కాగితం, ఆ తర్వాత తోలు అమ్మినవాడి దగ్గర క్రోమియం రిపోర్టు. అది రాకపోతే యూరప్ వైపు అసలు చూడం, వేరే మార్కెట్ లెక్క వేసుకుంటాం. కొవ్వొత్తుల ఆవిడకి ఇప్పుడే బయ్యర్ వద్దనే చెప్తా, కారణం కూడా చెప్తా, ముందు వేడికి నిలబడే ప్యాకింగ్, నూనెల భద్రతా పత్రాలు, ఆ తర్వాతే. ఉత్సాహం చచ్చిపోతుందన్న భయం ఉండేది కానీ, ఆవిడ సరుకు కరిగిపోయి వెనక్కి వస్తే పోయే ఉత్సాహం ఇంకా పెద్దది. మెషిన్ విడిభాగాల అబ్బాయికి బయ్యర్‌ని పరిచయం చేస్తా, అతనికి డ్రాయింగులు, కొలతలు, టెస్టులు అన్నీ పక్కాగా ఉన్నాయి, డబ్బు షరతులే నేర్చుకోవాలి. కాల్‌లో నేను కెమెరా పక్కన కూర్చుంటా, ముందురోజు బేరం రిహార్సల్ కూడా చేయిస్తా.

తెల్లకాగితం:
గవ్వలగూడు గారు, ఒక్క ప్రశ్న. మాలాంటివాళ్ళు మెంటర్ దగ్గరికి వచ్చేముందు ఏం తయారుచేసుకుని రావాలి?

గవ్వలగూడు:
మీ సంచి ఒకటి, రోజూ లైన్‌లో చేసేదే, ప్రత్యేకంగా చేసింది కాదు. దాని ముడిసరుకు బిల్లులు. నెలకి నిజంగా ఎన్ని చేశారో పోయిన ఆరునెలల లెక్క. పోతే ఎంత డబ్బు పోయినా తట్టుకోగలరో ఒక అంకె, అది ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడుకుని రండి. వెబ్‌సైటు, లోగో, ఇంగ్లీషు బ్రోషరు ఇప్పుడు ఏమీ అక్కర్లేదు.

పడవప్రయాణం:
సంచుల్ని నొక్కి మడిచి ప్యాక్ చేసిన ఒక పెట్టె కూడా పట్టుకురండి, బయట కొలతలు, బరువు రాసి. సగం ప్రశ్నలు ఆ పెట్టె ముందే తేలిపోతాయి.

తెల్లకాగితం:
రేపే మడిచి కొలుస్తాను అండి. కొలతలు ఇక్కడే పెడతా, చూసి చెప్పండి.